భిన్నాలతో లెక్క కట్టినా హిల్బర్ట్ మాత్రిక విలోమం ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న

నమస్కారం. 12 × 12 హిల్బర్ట్ మాత్రికకు విలోమం కనుక్కోబోయి రెండు రోజులుగా ఒకేచోట ఆగిపోయాను. ఈ మాత్రికలో ప్రతి మూలకానికీ లవం 1; అడ్డువరుస సంఖ్యనూ నిలువువరుస సంఖ్యనూ కూడి ఒకటి తీసేస్తే హారం వస్తుంది. దీని విలోమంలో అన్నీ పూర్ణాంకాలే ఉండాలి. పైథాన్ గణిత లైబ్రరీ నంపైలో వచ్చిన విలోమాన్ని అసలు మాత్రికతో గుణిస్తే యూనిట్ మాత్రిక రాలేదు. అది సంఖ్యలను కొన్ని అంకెలకే కుదించే ఫ్లోటింగ్ పాయింట్ దోషమనుకుని, భిన్నాలను లవహారాలుగానే ఉంచే పైథాన్‌లోని ఫ్రాక్షన్ వాడి గాస్ పద్ధతిని నేనే రాశాను. ఇప్పుడు గుణిస్తే యూనిట్ మాత్రిక పిసరంత తేడా లేకుండా వస్తోంది కానీ, విలోమంలో మాత్రం పూర్ణాంకాలకు బదులు బారెడు పొడవున్న భిన్నాలు కనిపిస్తున్నాయి. లెక్క కచ్చితంగా ఉన్నప్పుడు జవాబు ఎలా తప్పుతుంది?

మొదటి జవాబు

మీ గాస్ పద్ధతిలో తప్పు లేదండీ. యూనిట్ మాత్రిక రావడమే అందుకు రుజువు. అయితే మీరు విలోమం కట్టినది హిల్బర్ట్ మాత్రికకు కాదు, దానికి అతి దగ్గరగా ఉన్న మరో మాత్రికకు. మూలకాలను నింపేటప్పుడు ఫ్రాక్షన్‌కు 1/3 అని భాగహారం గుర్తుతో ఇచ్చి ఉంటారు. పైథాన్ ముందు ఆ భాగహారం చేసి, ఫలితాన్ని 53 బిట్లకు కుదించి, ఆ తర్వాతే ఫ్రాక్షన్‌కు అందిస్తుంది. అందుకే మీకు 1/3 స్థానంలో 6004799503160661/18014398509481984 చేరింది. లవాన్నీ హారాన్నీ కామాతో విడదీసి ఇవ్వండి.

ఇంత చిన్న తేడా అంత దూరం ఎలా పోతుందో 3 × 3 మాత్రిక మీద చేత్తో చేసి చూడవచ్చు. అందులో 1/3 వచ్చే మూడు చోట్లా 0.333 వేసి, మిగతావి అలాగే ఉంచి, ఆపైన ఎక్కడా కుదించకుండా లెక్క కట్టండి. నిర్ధారకం 1/2160, అంటే సుమారు 0.000463 రావలసింది, 0.000423963 వస్తుంది. విలోమంలో నట్టనడుమ 192 ఉండవలసిన చోట దాదాపు 210.19 వస్తుంది. మనం ఇచ్చిన సంఖ్యలో తేడా వెయ్యిలో ఒక వంతు. జవాబులో తేడా నూటికి తొమ్మిది పైమాటే. ఆ తర్వాతి లెక్కంతా కచ్చితంగానే జరిగిందన్న సంగతి గమనించండి.

రెండో జవాబు

పై జవాబుకు ఒక మాట చేరుస్తాను. దత్తాంశంలోని తేడా విలోమంలో గరిష్ఠంగా ఎన్ని రెట్లు పెరగగలదో కండిషన్ నంబర్ చెబుతుంది. హిల్బర్ట్ మాత్రికకు అది 10 × 10 పరిమాణంలోనే సుమారు 1.6 × 10¹³. 12 × 12 దగ్గర 10¹⁶ దాటుతుంది. డబుల్ ప్రెసిషన్‌లో, అంటే పైన చెప్పిన 53 బిట్ల సంఖ్యల్లో, ఉండేది దాదాపు పదహారు దశాంశ అంకెలే కనుక, అక్కడ ఒక్క అంకెను కూడా ధీమాగా నమ్మలేం.

అకరణీయ సంఖ్యలతో చేస్తే ఈ చిక్కు పోతుంది కానీ, అడుగడుగునా లవహారాల పొడవు పెరుగుతుంది, ప్రతి కూడికకూ గ.సా.భా. కనుక్కోవలసి వస్తుంది. పూర్ణాంక మాత్రికలకైతే 1968లో బారైస్ ప్రచురించిన భిన్నరహిత పద్ధతి మేలు. అందులో ప్రతి భాగహారం శేషం లేకుండా పోతుంది. మీ 12 × 12కు ఫ్రాక్షన్ చాలు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కామా పెట్టగానే అన్నీ పూర్ణాంకాలే వచ్చాయి. మొదటి మూలకం 144, అంటే సరిగ్గా 12 వర్గం. అయితే నా అసలు పని సెన్సర్ కొలతలకు కనిష్ఠ వర్గాల పద్ధతిలో బహుపదిని అమర్చడం. అక్కడా ఫ్రాక్షనే వాడనా?

రెండో జవాబు ఇచ్చినవారు

వద్దండీ. ఒక చిన్న ఉదాహరణ చూడండి. రెండు సంఖ్యల మొత్తం 2. మొదటిదానికి రెండోదాని 1.0001 రెట్లు కలిపితే 2.0001. అప్పుడు రెండూ 1 అవుతాయి. ఆ 2.0001 కొలతలో 2.0002గా నమోదైతే అవి 0, 2 అవుతాయి. రెండు జవాబులూ కచ్చితమైనవే, భిన్నాలతో చేసినా అవే వస్తాయి. కొలతలో లేని సమాచారాన్ని ఏ అంకగణితమూ తెచ్చిపెట్టలేదు.

మీరు మార్చవలసింది సమస్యను పేర్చిన తీరు. 0, 1 మధ్య ఒకే చలరాశి ఘాతాలను ఆధారంగా తీసుకుంటే, బిందువులు దట్టంగా, సమదూరంలో ఉన్నప్పుడు, దాదాపు హిల్బర్ట్ మాత్రికే ఎదురవుతుంది. వాటికి బదులు ఆ అంతరానికి జరిపిన, ఒకదానికొకటి లంబంగా ఉండే లెజాండ్ర్ బహుపదులను తీసుకోండి. విలోమం కట్టకుండా, మాత్రికను లంబ, త్రిభుజ మాత్రికల లబ్ధంగా విడగొట్టే క్యూఆర్ పద్ధతిలో నేరుగా గుణకాలు సాధించండి. ఆ తీరులో డబుల్ ప్రెసిషన్ మీకు ధారాళంగా సరిపోతుంది.