టీ డికాషన్‌లో ముంచిన పంచె చారలు చారలుగా వచ్చింది, సరిచేసే దారి చెప్పండి
అందరికీ నమస్తే, మాది కర్నూలు. మా బాబు స్కూల్లో వచ్చే వారం ఉయ్యాలవాడ నరసింహారెడ్డి నాటకం వేస్తున్నారు, 1847లో కోయిలకుంట్లలో ఆయన్ని ఉరితీసిన ఘట్టం కూడా ఉంది, అందుకే వాడి పంచె, తలపాగా కొత్త తెలుపుతో మెరిసిపోకుండా బాగా పాతబడినట్టు కనిపించాలని నా తాపత్రయం.

నిన్న రెండు లీటర్ల నీళ్లలో గుప్పెడు టీ పొడి మరిగించి వడగట్టి, కొత్త కాటన్ పంచెను తడపకుండా మడతల మీదే ముంచి గంటసేపు వదిలేశాను. తీసి చూస్తే మడత అంచుల్లో ముదురు గోధుమ రంగు చారలు, లోపలంతా తెల్లగా అలాగే ఉంది. గంజి పోయేదాకా ఉతకకపోవడం వల్లేనా? తలపాగా గుడ్డలో పాలిస్టర్ కలిసింది, దానికి రంగే పట్టలేదు, అది వదిలేసి కాటన్‌ది కొంటాను.

పంచెను సబ్బు నీళ్లలో ఉతికి, తడిగా ఉండగానే విప్పి మళ్లీ ముంచి కలుపుతూ ఉంటే చారలు కలిసిపోతాయా? ఉప్పు వేయాలా, పటికా? కలంకారీ వాళ్లు గుడ్డకు ముందు కరక్కాయ పట్టిస్తారు కదా, ఇంట్లో అలా చేయొచ్చా? చెమటకు రంగు పిల్లాడి ఒంటికి అంటుతుందేమోనని కూడా టెన్షన్‌గా ఉంది. చేసి చూసినవాళ్లు కొలతలతో సహా చెప్పండి, ప్లీజ్.