ఐదవ తరగతి: అంకెల లెక్కలు వస్తున్నాయి, వాక్యాల్లో ఇచ్చిన లెక్కలు రావడం లేదు

ప్రశ్న — మహదేవపుర తల్లి

అందరికీ నమస్కారం. మేము బెంగళూరులో మహదేవపుర వైపు ఉంటున్నాము. మా అబ్బాయి ఒక సీబీఎస్ఈ పాఠశాలలో ఐదవ తరగతి చదువుతున్నాడు. నాలుగవ తరగతి వరకు గణితంలో వాడికి ఏ ఇబ్బందీ కనిపించలేదు. ఈ ఏడాది యూనిట్ టెస్టుల జవాబు పత్రాలు చూస్తే ఒక విచిత్రం బయటపడింది. నాలుగంకెల సంఖ్యను రెండంకెల సంఖ్యతో భాగించమంటే శేషంతో సహా తప్పు లేకుండా చేస్తాడు. అదే భాగహారాన్ని మూడు వాక్యాల్లో ఒక కథలా చెప్పి అడిగితే, అందులో కనిపించిన సంఖ్యలన్నింటినీ కూడి పెడతాడు, లేదంటే ఆ చోటు ఖాళీగా వదిలేస్తాడు.

పేరెంట్స్ మీటింగులో క్లాస్ టీచర్‌ను అడిగితే, వర్డ్ ప్రాబ్లమ్స్ ఇంకా ఎక్కువగా సాధన చేయించమన్నారు. చేయిస్తున్నాము, మార్పేమీ లేదు. ఇంట్లో మేమందరం తెలుగే మాట్లాడుతాము, మా అత్తగారికి మరో భాష రాదు. బడిలో బోధన ఇంగ్లీషులో, రెండవ భాష కన్నడం, మూడవది హిందీ. ఇంట్లో కూడా ఇంగ్లీషు మాట్లాడితే తప్ప వీడు బాగుపడడని బంధువులు అంటున్నారు. మా అపార్ట్‌మెంటులోనే అబాకస్ తరగతులు నడుస్తున్నాయి, అక్కడ చేర్చమని పక్కింటివారు చెబుతున్నారు. లోపం లెక్కలో ఉందా, భాషలో ఉందా, లేక వాడి శ్రద్ధలో ఉందా అన్నది ముందు తేల్చుకోవాలని ఉంది. ఈ వయసు పిల్లలకు చదువు చెప్పిన అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు 1 — ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, వైట్‌ఫీల్డ్

నమస్కారమండీ. నేను నాలుగు, ఐదు తరగతులకు గణితం చెబుతున్నాను. మీరు వర్ణించిన పిల్లవాడు ప్రతి సెక్షన్‌లోనూ ఉంటాడు, ఒక్కడు కాదు, కొందరు ఉంటారు. శ్రద్ధ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. శ్రద్ధ లేని పిల్లవాడు రెండంకెల భాజకంతో భాగహారం తప్పు లేకుండా చేయలేడు.

లోపం ఎక్కడుందో పట్టుకోవడానికి ఒక మంచి పద్ధతి ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన అన్నే న్యూమన్ అనే విద్యావేత్త 1977లో దానిని ప్రతిపాదించారు. వాక్యాల్లో ఇచ్చిన లెక్కను చేయడానికి పిల్లవాడు అయిదు మెట్లు ఎక్కాలి: చదవడం, అర్థం చేసుకోవడం, ఆ అర్థాన్ని గణిత రూపంలోకి మార్చుకోవడం, లెక్క కట్టడం, జవాబును సరైన రూపంలో రాయడం. ఆమె పరిశీలించిన ఆరవ తరగతి పిల్లల తప్పుల్లో దాదాపు సగం, లెక్క కట్టడం అనే నాలుగవ మెట్టుకు చేరకముందే జరిగినవి. మనం మాత్రం తప్పు కనిపించగానే ఆ నాలుగవ మెట్టు మీదే ఇంకో పది లెక్కలు చేయిస్తాము. మీ అబ్బాయికి ఆ మెట్టు ఇప్పటికే వచ్చు కాబట్టి అక్కడ ఎంత సాధన చేయించినా మార్పు కనిపించదు.

ఇంట్లో ఇలా చేసి చూడండి. వాడు తప్పు చేసిన లెక్కనే మళ్లీ తీసుకుని, ముందుగా పైకి చదవమనండి. తరువాత పుస్తకం మూసి, అందులో ఏం జరిగింది, ఏం అడుగుతున్నారు అన్నది తెలుగులో మీకు చెప్పమనండి. ఆ తరువాత ఏం చేయబోతున్నాడో, ఎందుకు అదే చేయబోతున్నాడో చెప్పించండి. అప్పుడు మాత్రమే పెన్సిల్ ఇవ్వండి. ఎక్కడ ఆగితే లోపం అక్కడే ఉంది. మధ్యలో సాయపడాలని మీకు అనిపిస్తుంది, కానీ ఓపిక పట్టండి. మీరు అందించిన ప్రతి మాటా వాడి తడబాటు ఎక్కడుందో మీకే కనిపించకుండా చేస్తుంది.

తెలుగులో చెప్పించమని కావాలనే అంటున్నాను. ఇంట్లో తెలుగు మానేయమన్న సలహాను దయచేసి పాటించకండి. వీలైన చోటల్లా కనీసం ఐదవ తరగతి వరకు ఇంటి భాషలోనే బోధన ఉండాలని 2020 జాతీయ విద్యా విధానమే చెబుతున్నది. బెంగళూరులోని ఇంగ్లీషు మాధ్యమం బడిలో అది జరిగే పని కాదు, కానీ ఆలోచన ఇంటి భాషలో సాగడానికి ఏ అడ్డూ లేదు. నా తరగతిలో కొత్త లెక్క ఇచ్చినప్పుడు ముందు రెండు నిమిషాలు పిల్లలను ఇద్దరిద్దరుగా తమకు నచ్చిన భాషలో మాట్లాడుకోనిస్తాను. తెలుగు పిల్లలు, కన్నడ పిల్లలు కలిసి కూర్చున్న చోట రెండు భాషలూ కలిసిపోయి వినిపిస్తాయి. వరండాలో వెళ్లేవారికి అది అల్లరిలా తోస్తుంది, కానీ ఆ సమయంలో లెక్క నిజంగా అర్థమవుతూ ఉంటుంది. జవాబు రాయడం మాత్రం ఇంగ్లీషులోనే.

ఇంకొక విషయం. కొన్ని రోజులు ప్రశ్న లేని లెక్కలు ఇవ్వండి. ఉదాహరణకు, "వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట వరకు మెట్రో పర్పుల్ లైన్‌లో 37 స్టేషన్లు ఉన్నాయి. ఒక స్టేషన్ నుంచి తరువాతి స్టేషన్‌కు రెండు నిమిషాలు పడుతుందనుకుందాం" అని చెప్పి ఆపేయండి. ఇందులో నుంచి ఏమేమి ప్రశ్నలు అడగవచ్చో వాడినే చెప్పమనండి. మొత్తం ప్రయాణానికి ఎంతసేపు పడుతుందని వాడే అడిగి, వెంటనే 37ను రెండుతో గుణించి 74 నిమిషాలంటాడు. అప్పుడు అయిదు స్టేషన్లతో ఒక గీత గీయించి, వాటి మధ్య ఎన్ని ఖాళీలున్నాయో లెక్కించమనండి. ఖాళీలు 36, కాబట్టి 72 నిమిషాలని తనంతట తానే దిద్దుకుంటే, బొమ్మ ఎందుకు గీయాలో మీరు వేరే చెప్పనక్కరలేదు.

జవాబు 2 — విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, హిందూపురం (ప్రస్తుతం కె.ఆర్.పురంలో కుమారుని వద్ద)

ఉపాధ్యాయిని గారు చెప్పిన దానితో చాలావరకు ఏకీభవిస్తున్నాను. అయితే ఈ కాలపు చర్చల్లో ఎక్కాల మాటే వినిపించకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. అర్థం చేసుకోవడం ముఖ్యమే, కాదనను. కానీ ఏడెనిమిదులు ఎంత అని ఆగి ఆలోచించవలసిన పిల్లవాడికి, ఆ ఆలోచన ముగిసేసరికి లెక్కలో ఏం అడిగారన్నది మనసులో నుంచి జారిపోతుంది. ఇరవై వరకు కాకపోయినా కనీసం పన్నెండు వరకు ఎక్కాలు తడుముకోకుండా వస్తున్నాయో లేదో ముందు చూసుకోండమ్మా. మీ అబ్బాయి భాగహారం చక్కగా చేస్తున్నాడంటున్నారు కాబట్టి బహుశా వస్తూనే ఉండవచ్చు.

నేను పనిచేసిన బడిలో ఒకే గదిలో రెండు తరగతులు కూర్చునేవి. ఒక తరగతి పిల్లలు రాసుకుంటూ ఉంటే, రెండవ తరగతితో నోటి లెక్కలు చేయించేవాణ్ణి. అక్కడ గమనించిన సంగతి ఒకటి చెబుతాను. నోటితో చెప్పినప్పుడు వెంటనే జవాబిచ్చిన పిల్లవాడే, అదే లెక్కను పుస్తకంలో చూసి బిక్కమొహం వేసేవాడు. కాబట్టి మీరు ఒకే రకం లెక్కను మూడు విధాలుగా ఇచ్చి చూడండి. ఒకటి తెలుగులో నోటితో చెప్పండి, రెండవది ఇంగ్లీషులో మీరే చదివి వినిపించండి, మూడవది వాడినే చదువుకోమనండి. మూడవ దానిలోనే తప్పితే లోపం చదవడంలో ఉంది. రెండవ దానిలోనూ తప్పితే ఇంగ్లీషు వాక్యం అర్థం కావడం లేదు. మొదటి దానిలోనే తప్పితే భాషను నిందించి లాభం లేదు, ఆ లెక్క స్వరూపమే వాడికి అందలేదని అర్థం. సంఖ్యలు మాత్రం మూడింటిలోనూ మార్చండి, ఈ వయసు పిల్లలకు జ్ఞాపకశక్తి ఎక్కువ.

అత్తగారికి తెలుగు తప్ప రాదన్నారు. ఆవిడనే లెక్కలు అడగమనండి. మా తరం ఆడవాళ్లు పాలవాడి లెక్క, చీటీల లెక్క కాగితం లేకుండానే చేసినవాళ్లు.

జవాబు 3 — హెచ్ఎస్ఆర్ లేఅవుట్ తండ్రి

మా అమ్మాయికి నాలుగవ తరగతిలో ఇదే సమస్య వచ్చింది. మేము ఒక పట్టిక తయారుచేసి గోడకు అంటించాము. "మొత్తం", "ఎక్కువ" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలుంటే కూడిక, "మిగిలినవి", "తక్కువ" అని ఉంటే తీసివేత, "ఒక్కొక్కరికి" అని ఉంటే భాగహారం. మార్కులు వెంటనే పెరిగాయి. అబాకస్ కూడా రెండేళ్లు నేర్పించాము, వేగం బాగా వచ్చింది. పెద్దగా సిద్ధాంతాల జోలికి పోకుండా ఈ రెండూ ప్రయత్నించి చూడమని నా సలహా.

జవాబు 4 — ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, వైట్‌ఫీల్డ్

హెచ్ఎస్ఆర్ వారికి నమస్కారం. మీ అమ్మాయికి మేలు జరిగినందుకు సంతోషం, కానీ ఆ పట్టికతో నేను ఏకీభవించలేను. నాలుగవ తరగతిలో ఒకే మెట్టు ఉన్న లెక్కలు, అంటే ఒక్క కూడికతోనో ఒక్క తీసివేతతోనో జవాబు వచ్చేవి, ఎక్కువ కాబట్టి పట్టిక పనిచేస్తుంది. ఈ లెక్క చూడండి: "రవి దగ్గర 45 రూపాయలు ఉన్నాయి. అవి సీత దగ్గర ఉన్నవాటికంటే 12 ఎక్కువ. సీత దగ్గర ఎన్ని ఉన్నాయి?" పట్టికను నమ్ముకున్న పిల్లవాడు 57 అంటాడు. సరైన జవాబు 33. వాక్యం చదవకుండా ఒక్క మాటను వెతుక్కోవడం అలవాటైతే, ఆరవ తరగతికి వెళ్లాక దానిని మాన్పించడం చాలా కష్టం. ప్రశ్న అడిగిన తల్లిగారి అబ్బాయి సంఖ్యలన్నింటినీ కూడేయడం కూడా అలాంటి అలవాటే కావచ్చు.

పట్టికకు బదులు పట్టీ బొమ్మలు గీయించండి. సింగపూర్ ప్రాథమిక పాఠశాలల్లో 1980లలో ప్రవేశపెట్టిన పద్ధతి ఇది. రవి డబ్బుకు ఒక పొడవైన పట్టీ, దాని కింద సీత డబ్బుకు ఇంకో పట్టీ గీయాలి. ఏది పొడవు, ఏది పొట్టి అన్నది గీసేటప్పుడే తేల్చుకోక తప్పదు. తేడా అయిన 12ను రెండు పట్టీల చివరల మధ్య రాసిన పిల్లవాడు కూడిక జోలికి వెళ్లడు.

అబాకస్ గురించి నా మాట కొంచెం కటువుగా అనిపించవచ్చు. అది లెక్క కట్టే వేగాన్ని పెంచుతుంది. ఈ పిల్లవాడికి కొరత వేగం కాదు. ఆసక్తి ఉంటే ఆటగా నేర్చుకోనివ్వండి, ఈ సమస్యకు మందుగా మాత్రం డబ్బు కట్టకండి. రోజూ సాయంత్రం వర్క్‌షీట్లతో కూర్చోబెట్టడం కూడా వద్దు. మూడు నుంచి అయిదు తరగతుల పిల్లలకు ఇంటిపని వారానికి రెండు గంటలకు మించకూడదని 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం చెబుతున్నది. రోజుకు ఒక్క లెక్క, దాని గురించి పది నిమిషాల మాటలు, అంతకంటే అవసరం లేదు.

జవాబు 5 — మహదేవపుర తల్లి

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, మధ్యలో దసరా సెలవులు వచ్చాయి. మాస్టారు గారు చెప్పిన మూడు విధాల పరీక్ష చేసి చూశాము. తెలుగులో నోటితో చెప్పినప్పుడు ఒక మెట్టు లెక్కలన్నీ చేశాడు, ఇంగ్లీషులో చదివి వినిపించినా చాలావరకు చేశాడు, తానే చదువుకున్నప్పుడు మాత్రం రెండవ వాక్యానికి వచ్చేసరికి మొదటిదాన్ని వదిలేసి సంఖ్యల వైపు పరుగెత్తుతున్నాడు. ఇప్పుడు పుస్తకం మూసి తెలుగులో చెప్పాకే పెన్సిల్ ముట్టుకోవాలని నియమం పెట్టుకున్నాము. మా అత్తగారు ఈ పనిని నాకంటే ఉత్సాహంగా చేస్తున్నారు, ఆవిడ అడిగే ఎదురు ప్రశ్నలకు వాడు విసుక్కున్నా జవాబు చెప్పక తప్పడం లేదు. కూడికలు, తీసివేతలు బాగుపడ్డాయి. రెండు మెట్ల లెక్కలు ఇంకా కష్టంగానే ఉన్నాయి. అన్నిటికంటే, భాగహారంలో శేషం వచ్చినప్పుడు దానిని ఏం చేయాలో వాడికి తెలియడం లేదు. "ఇన్ని, శేషం ఇంత" అని రాసి ఊరుకుంటున్నాడు. దీనికి ఏమైనా మార్గం ఉందా?

జవాబు 6 — ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, వైట్‌ఫీల్డ్

మంచి వార్త చెప్పారు. శేషం దగ్గర ఆగినవాడు మీ అబ్బాయి ఒక్కడే కాదు. అమెరికాలో 1980ల తొలినాళ్లలో జరిగిన జాతీయ స్థాయి పరీక్షలో పదమూడేళ్ల పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు. ఒక బస్సులో 36 మంది సైనికులు పడతారు, 1128 మందిని తీసుకువెళ్లడానికి ఎన్ని బస్సులు కావాలి అన్నది ప్రశ్న. సుమారు 70 శాతం మంది భాగహారం సరిగ్గానే చేశారు. సరైన జవాబు 32 అని రాసినవారు మాత్రం 23 శాతమే. "31, శేషం 12" అని రాసినవారే అంతకంటే ఎక్కువ. జవాబును సరైన రూపంలో రాయడమని న్యూమన్ చెప్పిన అయిదవ మెట్టు ఇదే.

నేను తరగతిలో ఒకే భాగహారానికి మూడు కథలు ఇస్తాను. 50ని 8తో భాగిస్తే 6 వచ్చి 2 మిగులుతుంది. 50 మంది పిల్లలు పిక్నిక్‌కు వెళ్లాలి, ఒక వ్యానులో 8 మందే పడతారంటే 7 వ్యాన్లు కావాలి. 50 లడ్డూలను డబ్బాకు 8 చొప్పున సర్దితే నిండిన డబ్బాలు 6 మాత్రమే. 50 రూపాయలను 8 మందికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి 6 రూపాయల 25 పైసలు వస్తాయి. భాగహారం బోర్డు మీద ఒక్కసారే చేసి, జవాబులు మాత్రం మూడు రాయిస్తాను. తరువాతి రోజు పిల్లలనే మూడు రకాల కథలు తయారుచేయమంటాను. లడ్డూల కథలే ఎక్కువ వస్తాయి, వ్యానుల కథ రాసేవారు తక్కువ, ఎందుకంటే మిగిలిన ఇద్దరి కోసం ఇంకో వ్యాను కావాలన్నది వారికి వెంటనే తట్టదు. మీరు మీ అబ్బాయిని వ్యాను కథతోనే మొదలుపెట్టించండి. చివర జవాబును సంఖ్యగా కాక పూర్తి వాక్యంగా రాయించండి. "ఆరు వ్యాన్లు, శేషం రెండు" అని తన నోటితోనే వాక్యం చదివినప్పుడు ఆ ఇద్దరూ ఎలా వెళతారని మీ అత్తగారు అడిగితే చాలు.

రెండు మెట్ల లెక్కలకు ఇంకా సమయం ఉంది, ఐదవ తరగతి ముగిసేలోపు వస్తే సరిపోతుంది. ఈసారి పేరెంట్స్ మీటింగుకు వెళ్లినప్పుడు మూడు విధాల పరీక్షలో మీరు చూసిన ఫలితాలను ఒక కాగితం మీద రాసి క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. నలభై మందికి దగ్గరగా ఉండే తరగతిలో ఒక్కొక్కరినీ ఇలా కూర్చోబెట్టి అడగడం మాకు వీలుపడదు. ఆ కాగితం ఉంటే టెస్టు సమయంలో మీ అబ్బాయి దగ్గరికి వచ్చి "ముందు రెండు వాక్యాలూ చదువు" అని ఒక్క మాట అనడం ఆమెకు కష్టం కాదు.