లోడింగ్ వేగం కోసం మన డిస్క్ నింపేయడం న్యాయమేనా?

గోదారి_గేమర్:
హెల్‌డైవర్స్ 2 ఆట పీసీ వెర్షన్ దాదాపు 154 జీబీ ఉండేది. 2025 డిసెంబర్‌లో దాన్ని తయారుచేసిన యారోహెడ్ వాళ్లు, పీసీ పోర్టులు చేసే నిక్సెస్ కంపెనీ సాయంతో 23 జీబీకి దించారు. ఆట అదే, ఒకే డేటాకున్న అదనపు కాపీలు తప్ప అందులో ఏదీ తీసేయలేదు. మరి ఆ 130 జీబీ ఇన్నాళ్లూ మనతో ఎందుకు మోయించినట్టు? ఆటగాడి స్టోరేజీ ఊరికే వచ్చింది కాదు.

కోడ్_కాపరి:
అన్నా, అది బద్ధకం కాదు. హార్డ్‌డిస్కులో డేటా చదివే ముల్లు, అంటే హెడ్, ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిగిన ప్రతిసారీ పది మిల్లీసెకన్ల దాకా పోతాయి. ఒకే చెట్టు టెక్స్చర్ (దాని పైన పరిచే బొమ్మ) పది లెవెల్స్‌లో వస్తుందనుకో, ప్రతి లెవెల్ డేటా పక్కనే దాని కాపీ పెడితే హెడ్ అటూ ఇటూ తిరగకుండా వరసగా చదువుకుపోతుంది. స్పైడర్‌మ్యాన్ లాంటి ఆటలో కొంత డేటా హార్డ్‌డిస్కు మీద 400 సార్లు కాపీ అయి ఉంటుందని 2020లో సోనీ కన్సోల్ పీఎస్5 గురించి చెబుతూ దాని ప్రధాన రూపకర్త మార్క్ సెర్నీయే అన్నాడు.

ఫైళ్లను కుదించే కంప్రెషన్‌కీ ఖర్చుంది, ఆడేటప్పుడు వాటిని మళ్లీ విప్పాలి. 2014లో టైటన్‌ఫాల్ ఆట పీసీలో 48 జీబీ అయితే, అందులో 35 జీబీ కంప్రెస్ చేయని ఆడియోనే. రెండు కోర్ల ప్రాసెసర్ మీద ఆడియో విప్పడానికే ఒక కోర్‌లో చాలా భాగం పోతుందని అలా వదిలేశారు. పాత పీసీ ఉన్నవాడు కూడా ఆడాలనే కదా?

గోదారి_గేమర్:
టైటన్‌ఫాల్ విషయంలో నీతో ఏకీభవిస్తా, అక్కడ సీపీయూ ఇబ్బంది నిజం. హెల్‌డైవర్స్ సంగతి వేరు. హార్డ్‌డిస్కు వాడేవాళ్లు 11 శాతం మందేనని యారోహెడ్ అంచనా. కాపీలు తీసేస్తే ఆ 11 శాతానికి లోడింగ్ బాగా పెరిగిపోతుందన్న భయం వేరే ఆటల లెక్కల నుంచి వచ్చింది. తీరా సొంత ఆటలో కొలిస్తే, ఎక్కువ సమయం లెవెల్ తయారవడానికే పడుతోంది, డిస్క్ చదవడానికి కాదు. తేడా కొన్ని సెకన్లే! ఆ కొలతేదో విడుదలకు ముందే చేయాల్సింది.

బెజవాడ_బిట్స్:
డౌన్‌లోడ్ మాటేంటండీ? ఇంట్లో ఫైబర్ లేక ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆడేవాళ్లు మనలో బోలెడుమంది. రోజుకు 2 జీబీ ప్లాన్‌లో 154 జీబీ అంటే 77 రోజుల డేటా. కాల్ ఆఫ్ డ్యూటీలో క్యాంపెయిన్ (ఒంటరిగా ఆడే కథ), మల్టీప్లేయర్ విడివిడిగా డిలీట్ చేసుకోవచ్చు. అలాగే వాడని భాషల ఆడియో, 4కే టెక్స్చర్లు కూడా విడి ప్యాక్‌లుగా ఇస్తే ఎవరికి కావాల్సింది వాళ్లు దించుకుంటారు.

కోడ్_కాపరి:
విడి ప్యాక్‌లకు నేనూ ఓటేస్తానండీ. కానీ అన్నీ కలిపి గట్టిగా కంప్రెస్ చేసేయమంటే మాత్రం ఒప్పుకోను. పెద్ద ఆర్కైవ్‌లో ఒక్క ఫైలు మారినా చుట్టుపక్కల బ్లాకులూ మారిపోతాయి, చిన్న బగ్ సరిచేసిన ప్యాచే కొన్ని జీబీలకు చేరొచ్చు. పీఎస్5లో క్రాకెన్ అనే పద్ధతిలో కుదించిన డేటా విప్పడానికి విడిగా హార్డ్‌వేరే ఉంది. పీసీలో ఆ పని చాలావరకు సీపీయూ నెత్తినే పడుతుంది.

గోదారి_గేమర్:
అయితే కాపీలనైనా వదిలించండి. కొత్త ఆటలకు ఎస్‌ఎస్‌డీ (హెడ్ లేని వేగమైన డిస్క్) తప్పనిసరని బాక్సు మీదే రాసేయండి. హార్డ్‌డిస్కు వాళ్లకు ఆ కాపీలన్నీ ఐచ్ఛిక డౌన్‌లోడ్‌గా ఇవ్వండి. దానికి అభ్యంతరం ఉంటే చెప్పు.