పళ్ళు ఊడిన కింది దవడ చూసి ఏ జంతువుదో చెప్పడం ఎలా?

ఫస్ట్‌ఇయర్_వెట్
వచ్చే వారం అనాటమీ ప్రాక్టికల్స్. స్పాటర్స్‌లో (చూసి గుర్తుపట్టమని పెట్టే నమూనాల్లో) పళ్ళు ఊడిపోయిన దవడలే ఏరి పెడతారని సీనియర్లు టెన్షన్ పెడుతున్నారు. పళ్ళుంటే ఎలాగో చెప్పేయొచ్చు. లేకపోతే దేన్ని పట్టుకుని మొదలుపెట్టాలి?

బోన్‌రూమ్
గడ్డం దగ్గర మొదలుపెట్టు తమ్ముడూ. రెండు సగాలూ అక్కడ ఎలా కలిశాయో చూడు. గుర్రంలో పుట్టిన కొద్ది నెలలకే ఎముక అతుక్కుపోతుంది. పందిలోనూ అతుకుతుంది. ఎద్దు, గొర్రె, మేకల్లో ముసలితనం వచ్చినా పూర్తిగా అతకదు, కుక్క, పిల్లుల్లోనూ అంతే. అందుకే ఉడకబెట్టి శుభ్రం చేశాక ఎద్దు దవడ తరచూ రెండు ముక్కలుగా చేతికొస్తుంది.

ఒకటే ముక్కగా ఉంటే గుర్రమా, పందా అన్నదే తేల్చుకోవాలి. గడ్డం పక్కన నరం బయటికొచ్చే రంధ్రం, మెంటల్ ఫొరామెన్, గుర్రానికి పక్కకి ఒక్కటే, పందికి చాలా ఉంటాయి. రెండు ముక్కలైతే దవడ వెనకభాగంలో పైకి లేచిన ఎముక కొన, కోరోనాయిడ్, చూడు. ఎద్దుది సన్నగా, పొడుగ్గా వెనక్కి వంగి ఉంటుంది. కుక్కది వెడల్పు, దాని బయటివైపు వేలు దిగేంత గుంట. కుక్కకీ పిల్లికీ వెనక మూలన చిన్న కొక్కెం కూడా ఉంటుంది.

పల్నాటి_ఎద్దులు
మాకు వైవాలు లేవు గానీ బండలాగుడు పోటీలకి వెళ్తే ముందు ఎద్దు నోరే తెరుస్తారు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు, ఆరు అని విభాగాలు. చూసేది కింది దవడే, పైన ముందుపళ్ళు ఉంటేగా! సుమారు రెండేళ్ళకి మొదటి జత మారుతుంది, నాలుగేళ్ళు దాటాక ఎనిమిదీ నిండుతాయి.

ఫీల్డ్_డాక్టర్
పల్నాటి అన్న చెప్పిన ఎనిమిదిలో చివరి జత లెక్కప్రకారం కోరపళ్ళు. ముందుపళ్ళ వరసలో కలిసిపోయి అలాగే కనబడతాయి. వైవాలో ఇష్టంగా అడిగే ప్రశ్న ఇది.

బట్టీ పట్టకుండా గుర్తుండాలంటే కీలు ఎంత ఎత్తులో ఉందో చూడండి. ఆవు, గుర్రాల్లో దవడ కీలు పళ్ళ వరసకి బాగా పైన ఉంటుంది. దవడపళ్ళన్నీ దాదాపు ఒకేసారి ఆనుతాయి, పక్కకి నూరడానికి అదే కావాలి. కుక్కలో కీలు పళ్ళ మట్టానికి దగ్గరగా, కాండైల్ (కీలులో కూర్చునే ఎముక తల) అడ్డంగా స్థూపంలా ఉంటుంది. కత్తెరలా వెనకనుంచి మూసుకుంటుంది, పక్కకి పెద్దగా కదలదు. పిల్లికి ఇంకా తక్కువ.

గుర్రాల్లో కింది దవడ పై దవడ కంటే ఇరుకు. అందుకే కింది దవడపళ్ళు నాలుకవైపు, పైవి బుగ్గవైపు అరగకుండా మిగిలి పదునెక్కుతాయి. నోట్లో పుళ్ళు పడి మేత జారవిడుస్తుంటే ముందు ఆ అంచులు చూడాలి.

గొర్రెలమంద
డాక్టరు గారూ, మా గొర్రెకి దవడ కింద వాచింది. ఎముక పెరిగిందంటారా?

ఫీల్డ్_డాక్టర్
వేలితో నొక్కితే గుంట పడుతోందా? పడితే అది నీరు. జలగపురుగు గానీ, రక్తం పీల్చే కడుపు పురుగులు గానీ ఉండొచ్చు. కంటి లోపలి పొర తెల్లబడిందేమో కూడా చూసి ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఆలస్యం చెయ్యొద్దు. పశువుల్లో రాయిలా గట్టిగా, కదలకుండా ఎముకే ఉబ్బితే అది వేరే జబ్బు, యాక్టినోమైకోసిస్.

బోన్‌రూమ్
గొర్రె అంటే గుర్తొచ్చింది. గుర్రం, ఎద్దు దవడ కింది అంచున ముఖధమని దాటే చోట చిన్న నొక్కు ఉంటుంది. గుర్రానికి నాడి పట్టేది అక్కడే. గొర్రె, మేకల్లో ఆ ధమనే లేదు, నొక్కూ ఉండదు. దూడ దవడా మేక దవడా పక్కపక్కన పెడితే ఇది పనికొస్తుంది.

మూడో_అంతస్తు_పిల్లి
మా పిల్లి బాల్కనీలోంచి పడితే గడ్డం మధ్యకి విడిపోయింది. ఆ అతకని కీలే కారణమన్నమాట! కోరపళ్ళ వెనకగా తీగ చుట్టి కట్టారు. ఇప్పుడు బాగానే తింటోంది, బాల్కనీకి నెట్ కూడా వేయించాం.

ఫస్ట్‌ఇయర్_వెట్
అందరికీ థాంక్స్. సగం దవడ ఇచ్చి కుడిదా, ఎడమదా అంటే?

బోన్‌రూమ్
పళ్ళ గుంటలు పైకి, గడ్డం నీ నుంచి దూరంగా, ముందుకి చూసేలా పట్టుకో. నరం ఎముకలోకి దిగే రంధ్రం, మాండిబ్యులర్ ఫొరామెన్, ఎప్పుడూ లోపలివైపే. అది నీ ఎడమచేతి వైపు తిరిగి ఉంటే కుడి దవడ.