ప్రపంచీకరణ మన మందుల ధరను పెంచిందా, తగ్గించిందా?

తుంగభద్ర (చర్చ ప్రారంభం):

1970 నాటి పేటెంట్ చట్టం మందుకు పేటెంటు ఇవ్వలేదు, దాన్ని తయారుచేసే పద్ధతికి మాత్రమే ఇచ్చింది. విదేశీ కంపెనీ కనిపెట్టిన మందును మన కెమిస్టు మరో దారిలో చేయగలిగితే అమ్ముకోవడానికి అడ్డు ఉండేది కాదు. ఈ వెసులుబాటు వల్ల, సోవియట్ సహకారంతో బాలానగర్‌లో వెలసిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవారి వల్ల హైదరాబాద్ ఔషధ పరిశ్రమ నిలదొక్కుకుంది. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి గారు కూడా అక్కడి నుంచి వచ్చినవారే. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థలో సభ్యులమయ్యాం. పదేళ్ల గడువు తీరి 2005 జనవరి 1 నుంచి మందుకే పేటెంటు ఇవ్వవలసి వచ్చింది. దాంతో ఇరవై ఏళ్ల పాటు కొత్త మందు ఒక్క కంపెనీ చేతిలో ఉంటుంది. కాలేయ క్యాన్సర్‌కు వాడే సొరాఫెనిబ్‌కు బేయర్ కంపెనీ నెలకు 2,80,000 రూపాయలు వసూలు చేసింది. ప్రపంచీకరణ వైద్యాన్ని సామాన్యుడికి దూరం చేసిందని నా వాదన.

మందులబీరువా:

నేను మందుల షాపు నడుపుతాను. తుంగభద్ర గారు చెప్పిన ధర నిజమే కానీ, రోజూ నా కౌంటర్ మీదకు వచ్చే చీటీల్లో ఎక్కువ భాగం షుగరుకు మెట్‌ఫార్మిన్, బీపీకి అమ్లోడిపిన్, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ వంటివే. ఇవన్నీ 1995కు ముందే కనిపెట్టిన మందులు కాబట్టి 2005 చట్టం వీటి జోలికి రాలేదు. అయినా ఒకే మందు, ఒకే మోతాదు ఉన్న రెండు కంపెనీల స్ట్రిప్పులను పక్కపక్కన పెట్టి చూడండి, ఎం.ఆర్.పి.లో రెండు మూడు రెట్ల తేడా కనిపిస్తుంది. ఇది పేటెంటు మహిమ కాదు, బ్రాండు మహిమ. డాక్టరు ఒక బ్రాండు రాస్తే దాని బదులు మరొకటి ఇవ్వడానికి చట్టం మాకు అనుమతి ఇవ్వదు. పైగా 1979లో 347 మందులకు వర్తించిన ధరల నియంత్రణను 1995 నాటికి 74కు కుదించింది మన ప్రభుత్వమే కదా.

ప్రపంచ మార్కెట్ మనకు చేసిన మేలు కూడా లెక్కలోకి రావాలి. 2001లో డాక్టర్ రెడ్డీస్ సంస్థ మానసిక కుంగుబాటుకు వాడే ఫ్లూఆక్సెటిన్ 40 మిల్లీగ్రాముల జనరిక్‌ను, అంటే అసలు బ్రాండుకు సమానమైన చౌక మందును, అమెరికాలో ఆరు నెలల పాటు మరో జనరిక్ పోటీ లేకుండా అమ్ముకునే హక్కు సంపాదించింది. మన ఊళ్ల చుట్టూ ఉన్న ప్లాంట్లు, వాటిలోని ఉద్యోగాలు, నాణ్యత తనిఖీలు చాలావరకు ఆ ఎగుమతుల చలవే.

నిశితం:

తుంగభద్ర గారు సొరాఫెనిబ్ కథను సగంలో ఆపేశారు. పేటెంటు ఇచ్చిన మూడేళ్ల తరువాత, మందు అందుబాటు ధరలో దొరకడం లేదని రుజువైతే, పేటెంటుదారు ఒప్పుకోకపోయినా దాన్ని తయారుచేసుకునే అనుమతిని, అంటే తప్పనిసరి లైసెన్సును, మరొకరికి ఇవ్వవచ్చని మన చట్టంలోని 84వ సెక్షన్ చెబుతోంది. 2012 మార్చిలో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఆ లైసెన్సు తెచ్చుకుంది. నెలకు సరిపడే 120 మాత్రలను 8,880 రూపాయలకు ఇవ్వాలని, బేయర్‌కు 6 శాతం రాయల్టీ చెల్లించాలని అందులోని షరతులు. మరుసటి ఏడాది ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు, పాత మందుకు స్వల్ప మార్పు చేసి కొత్త పేటెంటు అడిగే ఎత్తుగడను 3(డి) సెక్షన్ కింద తిరస్కరిస్తూ, రక్త క్యాన్సర్ మందు గ్లివెక్ కేసులో దాని తయారీ సంస్థ నోవార్టిస్‌కు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. ఇవేవీ ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందాన్ని ఉల్లంఘించినవి కావు. దేశాలకు తప్పనిసరి లైసెన్సు ఇచ్చే హక్కు ఉందని 2001లో ఆ సంస్థ సభ్యదేశాల మంత్రులు చేసిన దోహా ప్రకటన స్పష్టం చేసింది.

2012 తరువాత అలాంటి లైసెన్సు మరొకటి ఇవ్వలేదన్నది వేరే సంగతి. అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం పేటెంట్ల వంటి మేధో హక్కుల రక్షణపై ఏటా విడుదల చేసే స్పెషల్ 301 నివేదికలో మనల్ని ప్రాధాన్య నిఘా జాబితాలో ఉంచుతూ వస్తోంది. నా దృష్టిలో ప్రపంచీకరణ ఒత్తిడి చట్టం అక్షరాల్లో కన్నా, ఆ చట్టాన్ని వాడటానికి మన అధికారులు పడే జంకులోనే ఎక్కువగా ఉంది.

మెతుకుసీమ:

ముగ్గురూ మాత్ర దగ్గరే ఆగిపోయారు, దాని ముడిసరుకు గురించి ఎవరూ ఎత్తలేదు. యాంటీబయాటిక్ అయిన అమాక్సిసిలిన్ తయారీకి పెన్సిలిన్-జి కావాలి. అది పులియబెట్టి తీసే సరుకు. రోజుల తరబడి కరెంటు పోకుండా, ఉష్ణోగ్రత తప్పకుండా పెద్ద ట్యాంకులు నడవాలి. చైనా సరుకు చౌకగా దిగడంతో 1990ల తరువాత మన దగ్గర దాని ఉత్పత్తి అడుగంటింది. ప్రభుత్వం 2020లో ప్రోత్సాహకాలు ప్రకటించిన మీదట, అరబిందో గ్రూపు కాకినాడ దగ్గర పెట్టిన ప్లాంటు 2024లో గానీ పని మొదలుపెట్టలేదు. మందులబీరువా గారి స్ట్రిప్పు చౌకగా ఉండటానికి ఈ దిగుమతులూ ఒక కారణమే. రేపు చైనా సరఫరా ఆపితే ఆ చౌక మిగలదు.

ఎగుమతుల చలవ గురించి కూడా ఒక మాట. 2007లో స్వీడన్ పరిశోధకులు హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో శుద్ధి చేసి వదిలిన మందుల కంపెనీల వ్యర్థజలంలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు ప్రకటించారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. అక్కడి నక్కవాగు ఒడ్డున పొలాలు పోగొట్టుకున్న రైతు నష్టం ఏ ఎగుమతి బిల్లులోనూ చేరలేదు.

తుంగభద్ర:

మెతుకుసీమ గారి మాటతో నాకు పేచీ లేదు. నిశితం గారికి మాత్రం ఒక ప్రశ్న. వెన్నెముక కండరాల క్షీణత (ఎస్.ఎం.ఏ.) అనే జన్యు జబ్బుకు వాడే రిస్డిప్లామ్‌ను రోష్ సంస్థ 2021లో మన దేశంలో విడుదల చేసింది. సీసా ధర ఆరు లక్షల రూపాయల పైమాటే. నాట్కో దాన్ని 15,900 రూపాయలకు తెచ్చింది 2025 అక్టోబరులో, అదీ తప్పనిసరి లైసెన్సుతో కాదు, ఢిల్లీ హైకోర్టులో పోరాడి. కండరాలు సన్నగిల్లే జబ్బు ఉన్న పిల్లవాడికి నాలుగేళ్లంటే నడవగల వయసంతా కరిగిపోవడం. 84వ సెక్షన్ అంత బలమైనదే అయితే, ఆ నాలుగేళ్లూ దాన్ని ఎవరు, ఎందుకు పక్కన పెట్టారో చెప్పండి.