నారోబోట్‌కి సొంత మూరింగ్ కావాలా, అక్కర్లేదా?

కొత్తపడవ: నమస్తే అండీ. బర్మింగ్‌హామ్‌లో ఉంటాం. సెకండ్‌హ్యాండ్ నారోబోట్ (కాలువల్లో తిరిగే సన్నటి పొడవాటి పడవ) ఒకటి బేరం కుదిరేలా ఉంది. వేసవి సెలవుల్లో పిల్లలతో కాలువ మీద వూస్టర్ దాకా వెళ్లి రావాలని ఆశ. మెరీనాలో (పడవలు నిలిపే అద్దె రేవులో) మూరింగ్, అంటే పడవ కట్టుకునే సొంత చోటు, తీసుకోవాలా, గట్టున కట్టుకుంటూ తిరిగితే సరిపోతుందా?

రేవురాజు: అక్కర్లేదు. 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టంలోనే ఉంది, నిజంగా తిరుగుతూ ఒకే చోట 14 రోజులు మించి ఉండకపోతే మూరింగ్ లేకపోయినా లైసెన్స్ ఇస్తారు. మెరీనాకి డబ్బు దండగ.

మెరీనామూర్తి: ఎంత తేలిగ్గా చెప్పేశారు రాజు గారూ! ఉద్యోగం, పిల్లల బడి ఉన్నవాళ్లు రెండు వారాలకోసారి పడవ జరపగలరా? పైగా 2024 ఏప్రిల్ నుంచి మూరింగ్ లేనివాళ్ల లైసెన్స్ మీద అదనంగా వసూలు చేస్తున్నారు. ప్రొపెల్లర్ షాఫ్ట్ పడవలోంచి బయటికెళ్లే చోట గ్లాండ్ అనే సీలు నుంచి నీళ్లు చుక్కచుక్కగా కారుతుంటాయి, ఇంజిన్ ఆపాక ఆ కారడం ఆపే గ్రీజు పిడి బిగించడం మర్చిపోయి ఇంటికొచ్చేస్తే, బ్యాటరీ దిగిపోయి నీళ్లు తోడే పంపు ఆగితే, ఎవరు చూస్తారు?

రేవురాజు: మెరీనాలో చూస్తారా? నేను అప్పట్లో ఉన్న మెరీనాలో కరెంటు తీగ రెండుసార్లు ఊడిపోయినా ఒక్కడూ ఫోన్ చేయలేదు, అద్దె పెంచినప్పుడు మాత్రం చేశారు.

గట్టుమీదమనిషి: 14 రోజులు అన్నిచోట్లా కాదు. 48 గంటలే అని బోర్డు ఉన్నచోట అదే లెక్క.

రేవురాజు: ఆ సంగతి నాకు తెలుసండీ.

మెరీనామూర్తి: తెలిసే నెలల తరబడి అక్కడే ఉంటారు. సాయంత్రం అలిసిపోయి వస్తే మాకు కట్టుకోవడానికి చోటే దొరకదు.

రేవురాజు: మీరు ఆదివారం షికారుకొచ్చి, కట్టి ఉన్న పడవల పక్కనుంచి రయ్యిన పోతారు, పడవ కట్టడానికి గట్టున కొట్టిన నా ఇనుప పిన్నులు మట్టిలోంచి ఊడొచ్చాయి, స్టవ్ మీద పప్పు గిన్నె కింద పడింది. గరిష్ఠ వేగమే గంటకు 4 మైళ్లు, కట్టిన పడవ కనబడితే ఇంకా తగ్గించాలి. మీకు పడవ సరదా, నాకు ఇల్లు. ఊళ్లో అద్దె కట్టలేకే పడవెక్కాను.

మెరీనామూర్తి: అదీ అసలు విషయం! కొత్తాయన సెలవుల ట్రిప్పు గురించి అడిగితే మీరు మీ ఇంటి గొడవ చెప్తున్నారు. కాలువ అందరిదీ.

రేవురాజు: అందరిదీ అంటే నాదీ కదా?

లాక్‌లక్ష్మి: మీ ఇద్దరూ ఆగితే ఆయనకి పనికొచ్చేది చెప్తాను. కొత్తపడవ గారూ, వూస్టర్ దారిలో టార్డెబిగ్ దగ్గర వరసగా 30 లాకులు (రెండు వైపులా గేట్లు మూసి, నీటిమట్టం మార్చి పడవని ఎక్కించే, దించే గదులు), వెళ్లేటప్పుడు అన్నీ దిగుడే. దిగేటప్పుడు లాక్ గోడ మీద తెల్లగీత కనిపిస్తుంది, పడవ వెనక భాగం దానికి ముందే ఉండాలి. లేకపోతే నీళ్లు దిగే కొద్దీ వెనక భాగం పై గేటు కింద నీళ్లలో ఉన్న అరుగు అంచు మీద చిక్కుకుంటుంది, ముందు భాగం మునుగుతుంది. ఇంకోటి, గట్టుకి ఇనుప రేకులున్న చోట పిన్నులు కొట్టకండి, రేకుకి తగిలించే హుక్కులు పెట్టుకోండి.

కొత్తపడవ: థాంక్స్ అక్కా. కొనేముందు అడుగున తారు పూత ఎప్పుడు వేయించారో అడగాలా?

గట్టుమీదమనిషి: అడగండి. రెండు మూడేళ్లు దాటితే బేరం తగ్గించండి.

మెరీనామూర్తి: పూత వేయాలంటే మెరీనాకే రావాలి రాజు గారూ.

రేవురాజు: రానండీ, బోట్‌యార్డుకి వెళ్తాను.