అప్‌డేట్: ఎయిర్ ఫిల్టర్ మార్చాక వచ్చిన ఈల శబ్దం పోయింది

మా పెట్రోల్ కారుకి ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్ ఇంట్లోనే మార్చాక, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా సన్నగా ఈల వేసినట్టు శబ్దం వస్తోందని పోయిన వారం అడిగాను కదా. నిన్న పొద్దున్నే మళ్లీ విప్పి చూశాను. తప్పు నాదే.

ఫిల్టర్ అంచుకుండే రబ్బరు ఒక మూల గాడిలో కూర్చోలేదు. ఆ సందులోంచి గాలి దూరుతోంది. ఫిల్టర్ ఉండే పెట్టె మూతకి క్లిప్పు పడటం లేదని నేనేమో స్క్రూడ్రైవర్‌తో బలవంతంగా నొక్కేశాను. మా కారులో మూతకి వెనక వైపు రెండు కొక్కేలున్నాయి. ముందు వాటిని తగిలించి, తర్వాత ఇటువైపు క్లిప్పులు వేయాలి. ఆ వరస తెలిశాక వేలితోనే టక్కున పడ్డాయి.

బండి వేపచెట్టు కింద పెడతాం. పెట్టె అడుగున గుప్పెడు ఎండాకులు, ఎర్రమట్టి, చచ్చిన పురుగులు! ఇంజిన్ వైపు వెళ్లే గొట్టం నోటికి శుభ్రమైన గుడ్డ అడ్డం పెట్టి, తడిగుడ్డతో తుడిచాను. మూత వేసే ముందు ఆ అడ్డుగుడ్డ తీయడం మర్చిపోకండి, నేను దాదాపు మర్చిపోయాను.

మా మామయ్యగారు పాత ఫిల్టర్‌నే కడిగి పెట్టేయమన్నారు. పేపర్ ఫిల్టర్ తడిస్తే పాడైపోతుందని ఆయన్ని ఒప్పించడానికి, మార్చడానికి పట్టిన టైమ్ కంటే ఎక్కువ పట్టింది.

మైలేజీ పెరిగిందా అంటే, లేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో గాలి తగ్గితే కంప్యూటర్ పెట్రోల్ కూడా తగ్గించేస్తుంది కాబట్టి పెద్ద తేడా ఉండదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పికప్ మాత్రం కాస్త తేలికైంది.